దిగివచ్చే సగం

మార్చి 3

చెల్లీ,

అందరూ క్షేమమని మొదలుపెట్టడం అలవాటు. ఈసారి అలా రాయలేను.

నీకు ఉత్తరం రాసి పద్దెనిమిదేళ్ళయింది. ఫోన్ వచ్చాక రాయాల్సిన పని లేకపోయింది. కానీ ఫోన్లో నువ్వు పది మాటలంటే నేను ఒక 'ఊ' అంటాను. ఆ 'ఊ' కూడా నీ పదకొండో మాట కింద పడి నలిగిపోతుంది. ఇప్పుడు రాయబోయే సంగతి ఫోన్లో మొదలుపెట్టానంటే, చివరికి "సరేలే, పిల్లలు జాగ్రత్త" అని నేనే పెట్టేస్తాను. నన్ను నేనెరుగుదును. కాగితం మధ్యలో అడ్డురాదు. అందుకే కలం పట్టాను.

నిన్న అమ్మ మందుల కోసం దిగువ ఊరికి బస్సెక్కాను. మన బస్సు డ్రైవరు తెలుసుగా, దారిలో కుక్క కూడా లేకపోయినా హారన్ కొడతాడని అందరూ హారనయ్య అంటారు. నన్ను చూడగానే, "అత్తా, ముందుకొచ్చి కూర్చో. మీ అమ్మ పాట వేస్తాను. ఇప్పుడు అందరి ఫోన్లలో ఇదే" అన్నాడు.

వేశాడు. అమ్మ గొంతే. పక్షవాతం రాకముందు, రెండేళ్ళ కిందట నువ్వు రికార్డు చేసే మెషీన్ తెచ్చి మగ్గం పక్కన పెట్టినప్పటి గొంతు.

"మంచుదారిని పోయినాడే, మంద వెంట పోయినాడే."

ముప్పై ఐదేళ్ళ అలవాటు చొప్పున నేను ఊపిరి తీసుకున్నాను. ఆ పాదం అవగానే రాట్నం దగ్గర నుంచి నా జవాబు రావాలి. "వెతికి తెస్తా, వెంట తెస్తా, వెలుగుండగా దిగి వస్తా." రాలేదు. రాట్నం చప్పుడు కూడా లేదు. అమ్మ ఒక్కతే, సామాను తీసేసిన గదిలో కూర్చున్నట్టు, రెండో పాదం ఎత్తుకుంది. "మలుపు మలుపుకు మాయమాయె." మళ్ళీ జవాబు లేదు. పాట అయ్యేవరకూ అంతే. వాడు పోతూనే ఉన్నాడు.

"గుండె పిండేస్తుంది కదత్తా. పాపం ఆ కాపరి పోయినవాడు పోయినట్టే" అన్నాడు హారనయ్య.

"తిరిగొస్తాడు" అన్నాను. ఆ మాట కూడా హారన్‌లో కలిసిపోయింది.

ఎవరు తీసేశారు నా పాదాల్ని? ఎవరినడిగి తీసేశారు? అమ్మ మూతి ఒక పక్కకు లాగేసింది, ఇక పాడలేదు. ఇప్పుడు లోకమంతా మిగిలేది ఆ సగం పాటే కదా. దీనికి జవాబు రాయి. ఫోన్ చెయ్యొద్దు, ఎత్తను.

అక్క


మార్చి 11

అక్కా,

నీ దస్తూరీ చూసి ఎవరికో ఏదో అయిందని కంగారుపడ్డాను. చదివాక నవ్వొచ్చింది. నవ్వినందుకు తిట్టుకో, పరవాలేదు. నోట్లో నాలుక లేని మా అక్కకి ఇంత కోపం వస్తుందని మా ఆయనకి చదివి వినిపించాను. ఆయన నమ్మలేదు.

విషయం చాలా చిన్నది. మా మ్యూజియంలో పాటని శుభ్రం చేసేటప్పుడు రాట్నం గరగర, వెనక వినిపించే గొంతూ తగ్గిస్తే అమ్మ గొంతు స్పష్టంగా వస్తుందన్నారు. నిజంగానే వచ్చింది. పత్రికలవాళ్ళు "కొండల శోకగీతం" అని రాశారు. కత్తిరించి పంపిస్తున్నాను, అమ్మకి చూపించు.

నీ బాధ నాకర్థమైంది. నీ పేరు లేదు. అది నా తప్పే, ఒప్పుకుంటున్నాను. ఏప్రిల్ ఇరవైన పాటల పుస్తకం అచ్చుకి వెళ్తుంది, దాంతో పాటు డిస్కు కూడా. రెండూ అన్ని బడులకీ నేత కేంద్రాలకీ పంపుతారు. అందులో చివరి పేజీలో "సహకారం" అని నీ పేరు వేయిస్తాను. సరేనా?

మీ దగ్గరి నేత కేంద్రంలో అమ్మాయిలు ఈ పాట పెట్టుకుని కొండ దుప్పటి నేర్చుకుంటున్నారట. మాస్టారు ఉత్తరం రాశారు. చూశావా, పెదవి దాటితే పృథివి దాటుతుందని అమ్మే అనేది. అమ్మ కోసం చిన్న పెట్టె ఒకటి పంపుతున్నాను. మీట నొక్కితే తన పాట తనే వినొచ్చు. మంచంలో ఉన్న మనిషికి అంతకంటే ఏం కావాలి?

కోపం తగ్గించుకో. దేవుడి దగ్గర దీపం పెట్టేటప్పుడు నా పేరు కూడా చెప్పు.

నీ చెల్లి


మార్చి 19

చెల్లీ,

నీ పేరు చెప్పాను దేవుడికి. ఏం చెప్పానో రాయను. ప్రార్థన మధ్యలో నిన్ను తిట్టినందుకు ఆయనకి క్షమాపణ చెప్పుకున్నాను. నీకు చెప్పను.

పెట్టె వచ్చింది. నీకు జరిగింది జరిగినట్టు రాస్తాను.

అమ్మ మంచం పక్కన బల్ల మీద పెట్టి మీట నొక్కాను. అమ్మ మొహం విప్పారింది. తన గొంతు గుర్తుపట్టింది. మొదటి పాదం అయింది. అమ్మ ఆగి, తల తిప్పి రాట్నం వైపు చూసింది. పెట్టె రెండో పాదం ఎత్తుకుంది. అమ్మకి అర్థం కాలేదు. మళ్ళీ ఆగింది, మళ్ళీ చూసింది. మూడోసారి ఆ వంకర మూతితోనే కేకేసింది. "ఎక్కడ చచ్చావే, జవాబివ్వవేం?" పక్షవాతం వచ్చాక అమ్మ నోట అంత పెద్ద మాట రాలేదు. నేను పక్కనే ఉన్నాను. "ఇక్కడే ఉన్నానమ్మా" అంటున్నాను. అమ్మకి నేను కాదు కావలసింది, జవాబు కావాలి. పెట్టేమో ఆగదు. పాట సగంలో అమ్మ ఏడ్చేసింది. పెట్టెని దుప్పట్లో చుట్టి అటక మీదికి ఎక్కించాను. శోకగీతమట! మనిద్దరినీ నిద్రపుచ్చడానికి పాడిన పాట అది. దాన్ని శోకగీతం చేసింది నువ్వు.

ఇక నీ నేత కేంద్రం సంగతి.

మొన్న ఉన్ని కండెలు ఇవ్వడానికి వెళ్ళాను. అక్కడి మాస్టారు మెడలో ఎప్పుడూ కొలబద్ద వేలాడేసుకుంటాడు కాబట్టి పిల్లలందరూ ఆయన్ని కొలబద్ద మాస్టారంటారు. "రండమ్మా, మీ అమ్మగారి పాటతో మా వాళ్ళు నేసినవి చూడండి" అని దుప్పట్లు పరిచాడు. ఒక్కోటీ తిరగేసి చూశాను.

నీకు తెలియదు కాబట్టి చెబుతున్నాను. మగ్గం కింద నాలుగు కాలిపలకలుంటాయి. అమ్మ తన పాదం పాడుతూ ఎడమ నుంచి కుడికి నాలుగూ తొక్కుతుంది. బట్టలో గీత కుడికి వాలుతుంది. రాట్నం దగ్గర నేను జవాబు పాడుతుంటే అమ్మ కుడి నుంచి ఎడమకి తొక్కుతుంది. గీత వెనక్కి తిరుగుతుంది. పోవడం, రావడం. దుప్పటిని అడ్డంగా పరిస్తే ఎక్కడం, దిగడం. అదే కొండ. లెక్క వేలి మీద ఉండదు, కాగితం మీద ఉండదు. పాటలో ఉంటుంది. నా జవాబు తీసేస్తే వెనక్కి తిరిగే అడుగులు తీసేసినట్టే.

ఆ పిల్లలు మహా బుద్ధిమంతులు. పెట్టె ఎలా పాడితే అలాగే తొక్కారు. ప్రతి దుప్పటిలోనూ గీతలు ఒకవైపుకే వాలి, గాలికి పడిపోయిన చేనులా ఉన్నాయి. ఒక్క కొండా లేదు. కొత్త రకం చాలా బాగుందని మాస్టారు మురిసిపోతున్నాడు. ఒక అమ్మాయి మాత్రం మెల్లగా, "పిన్నీ, మా ఇంట్లో పాత దుప్పటి ఇలా లేదు. మాదేమైనా తప్పా?" అంది. నీది తప్పు కాదే తల్లీ అన్నాను. ఎవరిది తప్పో చెప్పలేదు. చెల్లెలివి కదా, మింగలేక కక్కలేక వచ్చేశాను.

ఒక దుప్పటి అడిగి తెచ్చి అమ్మకి కప్పాను. నీకు తెలుసుగా, పడుకునే ముందు కొండ గీత వెంట వేలు నడిపించడం అమ్మకి అలవాటు. వేలు గీత పట్టుకుని పోయింది. పోయి పోయి దుప్పటి అంచు దాటి మంచం పట్టె మీదికి జారింది. మళ్ళీ మొదట్నుంచి పెట్టింది. మళ్ళీ జారింది. అలా ఎన్నిసార్లు పోయిందో నేను చూడలేదు. లేచి బయటికి వెళ్ళిపోయాను.

ఇప్పుడు చెప్పు, నాకు పేరు కావాలా? నీ సహకారం నువ్వే ఉంచుకో. చివరి పేజీలో నా పేరు వేస్తే, దేవుడి మీద ఒట్టు, ఆ పేజీ చింపి పొయ్యిలో పెడతాను. ఆ సగం పాట అన్ని బడులకీ వెళ్తే ఇంకో పదేళ్ళకి కొండ నేసేవాళ్ళుండరు. ఏకై వచ్చింది మేకై కూర్చుంటుంది. పుస్తకం ఆపు.

అక్క


మార్చి 27

అక్కా,

రెండు రోజులు నీ ఉత్తరం పట్టుకుని తిరిగాను. మా ఆయనకి ఈసారి చదివి వినిపించలేదు.

దుప్పట్ల సంగతికి నాకు సిగ్గేసింది. అది ఒప్పుకుంటాను. కానీ మిగతాదంతా నా నెత్తిన వేస్తే పడను. నీకూ చెప్పాల్సింది ఉంది.

ఆ రోజు మెషీన్ పెట్టినప్పుడు ఏం జరిగిందో గుర్తు తెచ్చుకో. "అక్కా, నీ గొంతు కూడా పడుతోంది, బాగుంది" అన్నాను. నువ్వేమన్నావు? "నా గొంతెందుకే, అమ్మది ఉంటే చాలు." సరే అని మళ్ళీ అడిగాను. "వద్దులే, నాదేం గొంతు, పిల్లి కూత." మూడోసారి, నేను బస్సెక్కుతుంటే కిటికీ దగ్గరికి వచ్చి మరీ చెప్పావు. "నాది తీసేయించు, బాగుండదు." నేను నీ మాట విన్నాను. అన్నదమ్ములు లేని ఇంట్లో అక్క మాట వినడమే నేర్పారు నాకు.

అది సగం పాట అని ఎందుకు చెప్పలేదు? నాకెలా తెలుస్తుంది? పదకొండేళ్ళప్పుడు మగ్గం గుంటలో దిగి పలకల మీద కాళ్ళు పెడితే అమ్మ రెక్క పట్టుకుని పైకి లాగింది. "నీకు చదువుంది, దీనికి మీ అక్క చాలు" అంది. నువ్వు రాట్నం దగ్గర, అమ్మ మగ్గం దగ్గర, మధ్యలో పాట. నేను గడపలో పుస్తకం ముందేసుకుని కూర్చునేదాన్ని. మీరిద్దరూ మాట్లాడుకునే భాష అది. నన్నెవరూ రానివ్వలేదు. దూరం నుంచి విన్నదానికి, నువ్వు ఊరికే వెనక దీర్ఘం తీస్తున్నావనుకున్నాను. ఇన్నేళ్ళూ అలాగే అనుకున్నాను.

చదువుకోమని పంపించింది మీరు. చదువుకున్నదానికి తెలియలేదని ఇప్పుడు తిడుతున్నది మీరే.

పుస్తకం ఆపడం నా చేతిలో లేదు. పై అధికారిని అడుగుతాను. నువ్వు ఇక్కడికొచ్చి స్టూడియోలో నీ పాదాలు పాడితే కలపొచ్చని అంటున్నారు. రా. మళ్ళీ వద్దనకు.

చెల్లి


ఏప్రిల్ 2

చెల్లీ,

అన్నాను. మూడుసార్లూ అన్నాను. కిటికీ దగ్గర అన్నది కూడా గుర్తుంది.

నీ ఉత్తరం చదివి దేవుడి గదిలో కూర్చున్నాను. దీపం ఎదురుగా ఉంటే అబద్ధం రాదు. ఇన్నేళ్ళూ నేను వినయమనుకున్నది ఏమిటో ఆయనకి తెలుసు. ఎవరైనా నాలుగోసారి బతిమాలాలని మూడుసార్లు వద్దంటాను. అన్నం దగ్గర వద్దంటాను, కొత్త చీర దగ్గర వద్దంటాను, పెళ్ళిలో ముందు వరస కుర్చీ దగ్గర వద్దంటాను. అమ్మకి ఈ సంగతి తెలుసు. వద్దన్నా వడ్డించేది. నీకూ తెలుసని అనుకున్నాను. తెలియకపోవడం నీ తప్పు కాదు. అయినా నీ మీద కోపం తగ్గలేదు, ఎందుకో నాకే తెలియడం లేదు. నా మీద ఉన్నది కూడా దానికి తోడైంది. ఇప్పుడది పెద్దదైంది.

గడపలో పుస్తకం సంగతి నేనెప్పుడూ ఆలోచించలేదు. నీకు ఆ పని తప్పిపోయిందని అసూయపడేదాన్ని. ఉన్ని చిక్కు తీసి తీసి నా వేళ్ళు పగిలి రక్తం వస్తుంటే, నువ్వు నీడపట్టున కూర్చుని పేజీలు తిప్పేదానివి. నువ్వు నన్ను చూసి ఏడ్చావు, నేను నిన్ను చూసి ఏడ్చాను. అమ్మ ఒక్కతే హాయిగా పాడుకుంది.

స్టూడియోకి రాను. ఇది మర్యాద కోసం అంటున్న మాట కాదు. రాట్నం తిప్పకుండా నాకు పాట రాదు. చెయ్యి ఆగితే నోరు ఆగుతుంది. పైగా ఎదుటివాళ్ళు అడగకుండా జవాబెలా చెప్పను? ఒకరు మొదటి పాదం అందుకోవాలి. అమ్మకి ఆ శక్తి లేదు. ఊళ్ళో ఉన్న ముసలి నేతగత్తెలు ఇద్దరూ పోయారు. మిగిలింది నువ్వు.

నువ్వే రా. మెషీన్ తెచ్చుకో. మగ్గం గుంటలోకి దిగు. ఈసారి రెక్క పట్టుకుని లాగేవాళ్ళెవరూ లేరు.

అక్క


ఏప్రిల్ 8

అక్కా,

పై అధికారితో పోట్లాడాను. పుస్తకం నెల రోజులు ఆగింది. మాస్టారు పంపిన దుప్పట్ల ఫోటో చూపించి, "ఇది చూసి కొండ అంటారా మీరు?" అని అడిగాను. నీ మాటే వాడుకున్నాను, గాలికి పడిపోయిన చేనులా ఉందని. ఆయన అచ్చు కాగితాలు తీసి పక్కన పెట్టాడు.

పద్నాలుగున వస్తాం. రికార్డు చేసే ఆయన కూడా వస్తున్నాడు. ఇరవై నాలుగ్గంటలూ చెవులకి హెడ్‌ఫోన్ డిప్పలు పెట్టుకునే ఉంటాడు, పిలిస్తే పలకడు. మేం చెవులాయన అంటాం.

నాకు భయంగా ఉంది. మొదటి పాదాలన్నీ వచ్చు నాకు, ఆ పెట్టెలోదే వినీ వినీ నేర్చుకున్నాను. కాళ్ళు మాత్రం రావు. నవ్వకు.

చెల్లి


మే 1

చెల్లీ,

నువ్వెళ్ళి పదిహేను రోజులు దాటాయి. నువ్వున్నప్పుడు అనలేకపోయినవి రాస్తున్నాను. మనిషి ఎదురుగా ఉంటే నేను మళ్ళీ పాత నేనే అయిపోతాను.

ముందు నీ కాళ్ళ గురించి. అంత చదువుకున్నదానివి, నాలుగు పలకలు లెక్కపెట్టలేకపోయావు. రెండో పలక మీద రెండు కాళ్ళూ వేసి నిలబడ్డావు చూడు, మగ్గం కూడా నవ్వింది. నువ్వు నేసిన మూరెడు బట్ట దాచాను. కొండ కాదు గానీ, ఎవరో తడబడుతూ నడిచిన దారిలా ఉంది.

ఆ చెవులాయన గోడలకి నేత కేంద్రం దుప్పట్లు కట్టించాడు కదా, శబ్దం గోడకి తగిలి వెనక్కి రాకుండా. ఆ వాలు గీతల దుప్పట్లు చుట్టూ వేలాడుతుంటే నాకు ఒళ్ళు మండింది. వెనక్కి రానివ్వని దుప్పట్లు. సరిగ్గా ఆ పనికే పుట్టాయి అనుకున్నాను.

నువ్వు మొదటి పాదం పాడావు. నేను జవాబు ఎత్తుకున్నాను. అప్పుడేమయిందో నాకూ తెలియదు. ముప్పై ఐదేళ్ళు అమ్మ గొంతు కిందే దాక్కుని పాడినదాన్ని, ఎప్పుడూ దానికంటే పైకి రానివ్వలేదు. ఆ రోజు కింద దాక్కోవడానికి అమ్మ గొంతు లేదు. "పిలిచి చూస్తా, అరిచి చూస్తా, పేరు పెట్టి పిలుచుకొస్తా" దగ్గరికి వచ్చేసరికి నిజంగానే అరిచాను. వీధిలో వెళ్తున్నవాళ్ళు ఆగారట. కేంద్రం పిల్లలు కిటికీకి అతుక్కుపోయారు.

చెవులాయన చెయ్యెత్తి ఆపాడు. "అమ్మగారూ, కొంచెం మెల్లగా. మీ గొంతు ఎక్కువై మెషీన్ సూది ఎర్రగీత దాటిపోతోంది. రాట్నం కూడా ఆపండి, ఆ చప్పుడు విడిగా తీసుకుందాం."

"వద్దు" అన్నాను.

"ఒక్కసారి మెల్లగా..."

"వద్దన్నాను కదా. ఆపను. మెల్లగా పాడను. నీ సూదిని నువ్వు చూసుకో."

నువ్వు మగ్గం గుంటలోంచి తలెత్తి నా వంక చూశావు. నోరు తెరుచుకుని ఉండిపోయావు. ఆ మొహం గుర్తొస్తే ఇప్పటికీ నవ్వొస్తుంది నాకు.

నువ్వు గమనించావో లేదో, అప్పుడే అమ్మ మంచం పట్టె మీద అరచేత్తో కొట్టడం మొదలుపెట్టింది. పోయేటప్పుడు నాలుగు, వచ్చేటప్పుడు నాలుగు. నీ కాళ్ళు దారిలో పడ్డది దాని వల్లే, నీ తెలివి వల్ల అనుకోకు. పాట అయ్యాక అమ్మ ఒక్కమాట అంది, "ఆఁ, ఇదీ" అని. మెచ్చుకుందో, ఇన్నాళ్ళకా అని తిట్టిందో తెలియదు. రెండూ ఒకటే అనుకుంటున్నాను.

కేంద్రం పిల్లలు రోజూ సాయంత్రం ఇద్దరిద్దరు వస్తున్నారు. ఒకతె గుంటలో, ఒకతె రాట్నం దగ్గర. జవాబు వైపు కూర్చోవడానికి ఎవరూ ముందుకు రారు, అందరికీ మొదటి పాదమే కావాలి. చెవి మెలిపెట్టి వంతులు వేశాను. పాట రెట్టింపు పొడుగైంది, పని ఆలస్యమవుతోందని కొలబద్ద మాస్టారు గొణిగాడు. కొండ ఎక్కినవాడు దిగడానికి కూడా టైం పడుతుంది మాస్టారూ అన్నాను. "ఈవిడ మాట్లాడతారని నాకు తెలియదే" అన్నాడట వెనకాల. ఆ ఒకవైపు దుప్పట్లు విప్పించి ఉన్ని మళ్ళీ చుట్టిస్తున్నాను. అన్నిటికంటే ముందు అమ్మకి కప్పినదే తీసేశాను.

నా కోపం పోయిందనుకోకు. "సహకారం" అన్నావు చూడు, అది ఇంకా గుచ్చుకుంటోంది. అమ్మ పెట్టె వంక చూసి ఏడ్చిన ఏడుపు కూడా. అవి ఉంటాయి. చెల్లెలివి కాబట్టి ఉంటాయి, పరాయిదానివైతే ఎప్పుడో దేవుడికి అప్పగించి దులుపుకునేదాన్ని. గడపలో కూర్చున్న నీ పదకొండేళ్ళ మొహం కూడా ఇప్పుడు వాటితో పాటే ఉంటోంది. రాట్నం తిప్పుతుంటే గడప వైపు చూడకుండా ఉండలేకపోతున్నాను.

చివరిగా ఒక మాట. బస్సెక్కుతూ అడిగావు కదా, "అక్కా, మన ఉత్తరాలు పుస్తకం మొదట్లో వేస్తే ఎంత బాగుంటుందో. వేయించనా?" అని. వద్దన్నాను. నువ్వు కిటికీలోంచి నవ్వుతూ, "ఈ వద్దు ఏ రకం వద్దు?" అన్నావు. హారనయ్య హారన్ కొట్టాడు, బస్సు కదిలింది, నా జవాబు నీకు వినపడలేదు. ఇప్పుడు వినిపించేలా రాస్తున్నాను.

పాట అందరికీ వినిపించు, రెండు సగాలూ కలిపి. నా గొంతు ఎక్కడా తగ్గించొద్దు. ఈ కాగితాల్లో ఉన్నది పాట కాదు. నేను నిన్నూ, దేవుడి ముందు కూర్చుని నన్నూ తిట్టుకున్న తిట్లు. అవి నీకు రాసినవి. మీ ఆయనకి కూడా చదవొద్దు. నీ బట్టల కింద, అడుగున పెట్టి దాచు. నేను పోయాక కావాలంటే తీసి చదువుకో. ఎవ్వరికీ చూపించకు.

ఇది నాలుగోసారి అడగక్కర్లేని వద్దు.

అక్క